మా బావ రాక్షసులు నిజాయితీపరులు

మా బావ లిఫ్టు మెకానిక్కు. మా అక్క మొగుడు కూడా. ఈ రెండు పనుల్లో ఏది కష్టమని ఎవరైనా అడిగితే, లిఫ్టుకైతే బ్రేకులుంటాయి అంటాడు. అక్క వంటింట్లో ఉన్నా వినబడేలాగే అంటాడు. మనిషి పొడుగు, నడుము కాస్త వంగి ఉంటుంది, ఎంత రుద్ది కడిగినా చేతులకు గ్రీజు వాసన పోదు. నేను దుకాణం పెట్టిన కొత్తలో, చూసి నాలుగు మంచి మాటలు చెబుతాడు కదా అని పిలిచాను. గుమ్మంలో నిలబడి చెవి రిక్కించి, "అంతా బాగుంది గానీ పక్క బిల్డింగు లిఫ్టు దగ్గుతోందే" అన్నాడు. అన్నవాడు అన్నట్టే వెళ్ళి, ఎవరూ పిలవకుండా, దాన్ని విప్పదీసుకు కూర్చున్నాడు. నా టీ చల్లారిపోయింది.

ఇలాంటి మనిషికి రాక్షసుల పిచ్చి ఎలా పట్టిందో చెబితే నవ్వుతారు. ఒక హాస్టల్లో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. లోపల కాలేజీ పిల్లలు. బావ పైన మోటారు దగ్గర చెమటలు కక్కుతూ పని చేస్తున్నాడు. కిందనుంచి ఏడుపులు రావాలి కదా, నవ్వులు వస్తున్నాయట. "నేను ఎడమ సొరంగంలోకి దిగుతున్నా" అని ఒకడు, "అక్కడంతా బురద, నీ కాలు కూరుకుపోయింది" అని ఇంకొకడు. తీరా ఈయన లిఫ్టును దించి తలుపు తీస్తే ఒక్కడూ బయటికి రాలేదు. కొంచెం ఆగండన్నా, గుహలో ఉన్నాం అన్నారట. ఇంకెవరైనా అయితే నాలుగు తిట్టి పంపేవారు. మా బావ లోపలికి దూరి, వాళ్ళ పక్కన చతికిలబడ్డాడు.

ఆట పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషై మాట్లాడాలి, ఆ మనిషై నడవాలి. గోడ దూకుతానంటే దూకగలిగారా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. దారిలో రాక్షసులొస్తారు. వాళ్ళ తరఫున పాచిక వేసేది కథ నడిపేవాడే. కల్పించుకున్న మనిషి చచ్చిపోతే పోయినట్టే, మళ్ళీ లేవడం ఉండదు.

నాది కుట్టుపని దుకాణం. కొత్తవి కుట్టను. పొడుగైనవి పొట్టి చేస్తాను, బిగుతైనవి వదులు చేస్తాను. ఆదివారమైనా నడుం వాలుద్దామనుకుంటే బావ కన్ను నా కత్తిరింపు బల్ల మీద పడింది. ఇంత పెద్ద బల్ల ఊరికే పడుందే మరదలా అని చెవిలో జోరీగలా రొద. సుద్దతో ఒక్క గీత గీసినా చెయ్యి విరగ్గొడతానన్నాను. నెల తిరిగేసరికి ఆ బల్ల మీద గుహలు, నదులు, వంతెనలు గీస్తున్నది నేనే. మనుషులుగా గుండీలు పెట్టేవాళ్ళం. నేను బాకులు విసిరే ముసలమ్మని. మా వీధికి పాలు తెచ్చే వ్యాను కుర్రాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు, వాడు గొడ్డలివీరుడు. పొద్దున లేస్తే డబ్బాలు మోసే వాడికి ఆటలోనూ మోతబరువే ఇష్టం.

ఇక పిడుగు. ఎదురు వరుసలో కళ్ళజోళ్ళ దుకాణం బాబాయిగారి ఒక్కగానొక్క కూతురు. తల్లి లేదు, తండ్రే పెంచాడు. ప్యాంటు పొట్టి చేయించుకుందామని వచ్చి, మా బల్ల చూసి, ప్యాంటు సంగతి మర్చిపోయిన పిల్ల. దీపాలు దొంగిలించే దొంగపిల్లని కల్పించుకుంది. ఒక ఎర్ర గుండీ ఏరుకుని, ఇది నాది, ఎవరి కోటుకీ కుట్టకండి అని నాకు ఆర్డరు వేసింది. ఆ దొంగపిల్లని కూడా మేం పిడుగనే పిలిచేవాళ్ళం. రెండింటికీ పెద్ద తేడా ఏం కనబడలేదు మాకు.

మా బావకు పద్ధతి నేర్పింది ఆ పిల్లే. మొదట్లో ఒకసారి ఈయనకు హుషారెక్కి, మాకు పదింతలున్న రాక్షసుణ్ణి తలుపు వెనకనుంచి ఊడిపడేలా చేశాడు. టీ తాగినంతసేపట్లో అందరం హరీ. వ్యాను తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు, నేను సుద్దముక్క విసిరికొట్టాను. పిడుగు మాత్రం నింపాదిగా అంది.

"బావగారూ, చంపితే చంపండి. చెప్పకుండా చంపకండి."

బావ ఆ మాట పట్టుకుని వారమంతా బుర్ర గోక్కున్నాడు. తర్వాతి ఆదివారం కొత్త మనిషై వచ్చాడు. లిఫ్టులో మొయ్యలేని బరువెక్కితే గంట మోగుతుంది కదా, అలాగే మీ వల్ల కాని రాక్షసుడుంటే నేనూ గంట కొడతానన్నాడు. పిట్టలు అరవడం మానేస్తాయి, దారిలో కరిగిపోయిన డాళ్ళు కనిపిస్తాయి, బతికి బయటపడినవాడెవడో ఎదురొచ్చి వద్దంటాడు. అప్పటికీ మాకు బుద్ధి రాకపోతే ఇది మీ వల్ల కాదని నోటితోనే చెప్పేస్తాడు. పారిపోవడానికి ఒక దారి తప్పకుండా ఉంచుతాడు. ఆ రాక్షసుడికి ఏం కావాలో తెలుసుకునే వీలు కూడా ఉంచుతాడు, ఎందుకంటే ఊరికే చంపుకుంటూ తిరిగే జంతువు ఎక్కడా లేదంటాడు. అన్నీ చెప్పాక పాచిక మాత్రం బల్ల నడిమధ్య, అందరి ముందూ వేస్తాడు. పడిందే పడినట్టు. ఆ తర్వాత బతిమాలినా, అలిగినా, టీలో పంచదార ఎక్కువ వేసినా లాభం లేదు.

ఇలా మొదలెట్టాక ఆట రుచి మారింది. పిడుగు ఎన్నిసార్లు చావు అంచుదాకా వెళ్ళి వచ్చిందో. పారిపోవడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. దెబ్బ తగిలితే కుర్చీలోంచి లేచి, తగిలింది తగిలింది అని తనే గెలిచినట్టు అరిచేది. మీ రాక్షసులు నిజాయితీపరులు బావగారూ అనేది. మా బావ ఆ మాట ఇంటికి తీసుకెళ్ళి అక్కకు చెప్పి, పనిలోకి తీసుకెళ్ళి హెల్పర్లకు చెప్పి, పది రోజులు మురిసిపోయాడు. జీవితంలో ఎవరూ అతనికి అంతకంటే పెద్ద బిరుదు ఇవ్వలేదు.

ఆ పిల్ల జ్వరంతో పోయింది. మామూలు జ్వరమే అన్నారు, రెండు రోజులు పడుకుంటే తగ్గుతుందన్నారు. మేమూ అదే అనుకున్నాం. ఆసుపత్రిలో చేర్చారని తెలిసి, సాయంత్రం వెళ్ళి చూసొద్దామని నేను షట్టరు దించుతుంటే, వ్యాను తమ్ముడు వచ్చి చెప్పాడు. సగం దించిన షట్టరు అలాగే వదిలేశాను. బావ ఆ కబురు వినేసరికి ఎక్కడో లిఫ్టు గుంతలో ఉన్నాడట. పైకి రాకుండా అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాడని హెల్పరు తర్వాత చెప్పాడు.

ఆట ఆగిపోయింది. బల్ల మీద నేను మళ్ళీ బట్టలు పరిచాను. ఎర్ర గుండీని మాత్రం గుండీల డబ్బాలో కలపడానికి చెయ్యి రాలేదు, మిషను సొరుగులో పెట్టాను. కొన్నాళ్ళకు ఒక ఆదివారం కళ్ళజోళ్ళ బాబాయిగారు తలుపు తట్టారు. మనిషి సగమైపోయారు. నిలబడే అడిగారు, మా అమ్మాయి కుర్చీ వేరే ఎవరికైనా ఇచ్చారా అమ్మా అని. లేదు బాబాయ్‌గారూ అన్నాను. ఆటలో దాని మనిషి ఇంకా బతికే ఉందని అదే చెప్పిందట. దాన్ని నేను ఆడిస్తాను, నాకు నేర్పండి అన్నారు. నేను సొరుగులోంచి ఎర్ర గుండీ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కళ్ళజోడు అద్దాన్ని తుడిచినట్టు చొక్కా అంచుతో తుడిచి బల్ల మీద పెట్టారు.

అప్పుడు చేశాడు మా బావ తన జీవితంలో చెయ్యని పని. పాచికలు దొర్లి కిందపడిపోతున్నాయన్న వంకతో తన లంచ్ బాక్స్ తెచ్చి, రాక్షసుడి పాచిక అందులో వేసి, తనొక్కడే తొంగి చూడటం మొదలుపెట్టాడు. ఎప్పుడు చూసినా పిడుగు మీదికి వచ్చిన దెబ్బ గాల్లోకే పోయేది. బాణం చెవి పక్కనుంచి వెళ్ళిపోయేది, తోడేలు కాలు జారిపడేది. నాకు మొదటి రోజే అర్థమైంది. వ్యాను తమ్ముడికీ అర్థమైంది. ఇద్దరం నోటికి తాళం వేసుకున్నాం. నిజం చెప్పొద్దూ, మా బావ మీద నాకు ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది. ఆ ముసలాయనకు మిగిలింది ఒక్క గుండీ. అది పోకుండా చూసుకోవడం తప్పెలా అవుతుందనుకున్నాను.

బాబాయిగారు ఆదివారం కోసం వారమంతా ఎదురుచూసేవారు. నేర్చుకున్నారు కూడా. మొదట్లో ఆ దొంగపిల్లని అపురూపంగా వెనకెనకే నడిపించేవారు, పోనుపోను కూతురిలాగే కోతిపనులు చేయించడం మొదలెట్టారు. ఒకరోజు నవ్వారు కూడా. బావ ఆ నవ్వు చూసి నావైపు తిరిగి కళ్ళెగరేశాడు. అంతా సర్దుకుంటోందనుకున్నాం.

కథలో కొండమింగి అనే దాని గుహ దాకా వచ్చాం. పిడుగు బతికున్న రోజుల్లోనే బావ దాని గురించి గంట కొట్టి ఉంచాడు. కొండంత మనిషి కాదు, కొండనే నమిలేది. చీకట్లో ఉంటుంది, వెలుగు కనబడితే మింగడానికొస్తుంది. కథలో మమ్మల్ని నది దాటించిన పడవవాడి పిల్లలిద్దరు ఆ గుహలో చిక్కుకున్నారు. వాళ్ళను తేవాలి. ఎవరు ముందు వెళ్ళాలి, ఎవరు వెనక అని వాదించుకుంటున్నాం. వ్యాను తమ్ముడు ఆట వేడిలో ఉన్నాడు. వాడికి పాపం కడుపులో ఏ మాటా దాగదు, అదే వాడి జబ్బు.

"పిడుగుని ముందు నడిపిద్దాం అక్కా. దాన్ని ఎలాగూ ఏదీ ముట్టుకోదుగా" అనేశాడు.

అన్నాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆ మాట బల్ల మీద పడిపోయింది. వాడి పీక పిసికేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. బాబాయిగారు వాడివైపు చూడలేదు. లంచ్ బాక్స్ వైపు చూశారు. తర్వాత మా బావ వైపు.

"ఎప్పట్నుంచి బాబూ?" అన్నారు.

మా బావకు అబద్ధం చెప్పడం చేతకాదు. మీరు వచ్చిన రోజు నుంచే అన్నాడు, తల వంచుకుని. మా అమ్మాయి ఉన్నప్పుడు ఇలా చేశావా అని అడిగారాయన. లేదన్నాడు. ఒక్కసారైనా? లేదు. నేను అడ్డుపడి, మీ మంచికే కదా బాబాయ్‌గారూ, మీరు బాధపడతారని అంటూ ఏదో నసిగాను. ఆయన నన్ను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఆటలో ఉన్నవాళ్ళనే కదమ్మా కొడతారు. మీరంతా కలిసి దాన్ని ఎప్పుడో ఆటలోంచి తీసేశారు. నేనే పిచ్చివాడిలా తిప్పుతున్నాను." ఆయన గుండీ మీద వేలు పెట్టారు. "చెప్పకుండా చంపొద్దని అందట కదా ఇక్కడ. ఇంటికొచ్చి నాకు చెప్పి ఎంత నవ్విందో. బయట దానికి ఎవరూ ఏ గంటా కొట్టలేదు. మామూలు జ్వరమన్నారు. ఇక్కడొక్కచోటే దానికి న్యాయం ఉందని వచ్చాను నేను."

లేచి వెళ్ళిపోయారు. గుండీ బల్ల మీదే ఉంది.

ఆ వారం మా బావ మనిషి మనిషిలో లేడు. కాలు కాలిన పిల్లిలా దుకాణానికీ ఇంటికీ తిరిగాడు. అక్క అన్నం పెడితే కెలికి లేచిపోయాడట. నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, ఆపేద్దామని ప్రతివారం అనుకున్నానే, ఆయన మొహం చూస్తే చెయ్యి రాలేదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మళ్ళీ వస్తే ఏం చేస్తావని నిలదీశాను. పాచిక బల్ల మీదే వేస్తానన్నాడు. అది నిజంగా చచ్చిపోతే ఆ మనిషి ఏమైపోతాడో ఆలోచించావా, నీ నిజాయితీ నెత్తిన పెట్టుకుని ఊరేగుతావా అని గట్టిగానే అరిచాను.  బావ నా మిషను బాబిను తీసుకుని, దానికి దారం చుడుతూ విప్పుతూ కూర్చున్నాడు.

ఆదివారం బాబాయిగారు వచ్చారు. ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని, గుహ దగ్గర కదూ ఆపాం అన్నారు. బావ లంచ్ బాక్స్ తేలేదు. పాచిక బల్ల మధ్యన పెట్టి, చేతులు రెండూ బల్ల మీద ఆనించాడు.

"బాబాయ్‌గారూ, చెబుతున్నా వినండి. ఇది మీ ముగ్గురి వల్లా కాదు. దెబ్బ తగిలితే మనిషి మిగలడు. వెనక్కి పోయే దారి తెరిచే ఉంది. పోయినా తప్పేం లేదు."

"మరి ఆ పిల్లలు?" అన్నారు బాబాయిగారు.

"వాళ్ళు లోపలే ఉంటారు."

"అయితే వెళ్దాం. చెప్పావుగా, చాలు."

ఆయన చంపడానికి తీసుకెళ్ళలేదు దాన్ని. అది నేను ఒట్టేసి చెబుతాను. బతికించడానికే ఆడారు. ఎంత జాగ్రత్తగా ఆడారంటే, గుహలో గాలి ఎటు వీస్తోందో అడిగారు, రాళ్ళు తడిగా ఉన్నాయా అని అడిగారు, ఇరుకు సందు ఎంత వెడల్పో అడిగారు. బావ అడిగినవన్నీ దాచకుండా చెప్పాడు. చివరికి ఒక ఉపాయం ఆలోచించారు. నా ముసలమ్మ, గొడ్డలివీరుడు చీకట్లోనే పిల్లలను ఎత్తుకుని బయటికి పోవాలి. పిడుగు లాంతరు పట్టుకుని కొండమింగిని అవతలి సొరంగంలోకి లాక్కుపోవాలి. అక్కడ లాంతరు విసిరేసి, చీకట్లో, ఇరుకు సందులోంచి జారుకోవాలి. నా కూతురైతే ఇదే చేస్తుంది అన్నారు. అవును, సరిగ్గా ఇదే చేస్తుంది. ఉపాయం బాగుందని బావ కూడా ఒప్పుకున్నాడు. పది దాటి ఎంత పడినా పిడుగు బయటపడ్డట్టే అన్నాడు.

పిల్లలు బయటికి వచ్చేశారు. మేం బయటికి వచ్చేశాం. లాంతరు లోపల వెలుగుతోంది. బాబాయిగారు పాచికను రెండు చేతుల మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని వేశారు. అది దొర్లి దొర్లి నా కత్తెర పక్కన ఆగింది. ఏడు. పిడుగు పాదం తడి రాయి మీద జారింది. ఇంక కొండమింగి వంతు, దానికీ పది దాటితే దెబ్బ తగిలినట్టే.

బావ పాచిక తీసుకున్నాడు.  లిఫ్టు గుంతల్లో తాళ్ళకు వేలాడుతూ పనిచేసే చెయ్యి, పాచికను వెంటనే వదల్లేదు. నేను మనసులో ఎన్ని మొక్కులు మొక్కానో. అందరి ముందూ వేశాడు. పందొమ్మిది పడింది.

 వ్యాను తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ, అది కొలతల టేపుకు తగిలి పక్కకు తిరిగింది బావా, మళ్ళీ వెయ్యి అన్నాడు.

"తగల్లేదు నాన్నా, నేను చూశాను" అన్నారు బాబాయిగారు.

బావ పాచికను ముట్టుకోలేదు. ఆ అంకె పైకే చదివి, దెబ్బ తగిలింది బాబాయ్‌గారూ, పిడుగు ఇక లేదు అన్నాడు.  బాబాయిగారు గుండీ వైపు చూశారు. ఎలా జరిగిందో చెప్పు బాబూ అని అడిగారు. ఏదీ వదలొద్దు, మొత్తం చెప్పమన్నారు.

మా బావ చెప్పాడు. ఇన్నేళ్ళలో ఎన్ని కథలో నడిపాడు గానీ అలా చెప్పడం నేను వినలేదు. కాలు జారాక ఆ పిల్ల మోచేతుల మీద లేవడం చెప్పాడు. లాంతరు అప్పటికే చేతిలోంచి పోయిందని, అయినా సందు వైపే పాకిందని, వెనక నేల అదరడం దానికి తెలిసిందని చెప్పాడు. బయట పిల్లల అరుపు వినబడి, వాళ్ళు దాటేశారని దానికి అర్థమైందన్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూసిందన్నాడు.  ఒక్క ముక్క దాటెయ్యలేదు.

"భయపడిందా?" అన్నారు బాబాయిగారు.

"పడింది."

"నొప్పి తెలిసిందా?"

 లేదనెయ్యి బావా అని కళ్ళతోనే బతిమాలాను. అతను నావైపు చూడలేదు.

"తెలిసింది బాబాయ్‌గారూ. ఎక్కువసేపు కాదు."

ఆయన తల ఊపారు. చాలాసేపు ఊపుతూనే ఉన్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆసుపత్రిలో నన్ను మందులు తెమ్మని కిందికి పంపారు" అన్నారు. "పైకి వచ్చేసరికి గుడ్డ కప్పేశారు. ఎలా జరిగిందని నేను అడగని మనిషి లేడక్కడ. వేదన పడలేదండీ, నిద్రలోనే వెళ్ళిపోయింది అని ఒకరు, మేం చూసుకున్నాం కదా మీరు వెళ్ళండని ఒకరు. నన్ను పిలిచిందో లేదో కూడా చెప్పలేదు."  ఎర్ర గుండీని దగ్గరికి లాక్కుని, "ఇప్పుడు నేను పక్కనే ఉన్నాను" అన్నారు.

అని నా కత్తిరింపు బల్ల మీద తల వాల్చి, సుద్దగీతల మీదే, పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. కూతురు పోయినప్పట్నుంచి ఆ మనిషి ఏడవగా మేం చూడలేదు. బావ లేచి వెళ్ళి ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆపమని మాత్రం అనలేదు.